గ్యాసు బావికి తాగునీళ్లు

మా రైల్వేవాళ్ల కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కుళాయి పొద్దున గంటసేపు వస్తుంది. ఆ గంటలోనే సాలువా ఊరి అవతలి గ్యాసు బావికి నీళ్లు పట్టుకెళ్లే ట్యాంకర్లూ వస్తాయి. పెద్ద పైపుకు వాళ్ల గొట్టం తగిలించగానే మా కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంటుంది. ఆవేళ అన్నమ్మ బిందె సగంలో ఆగింది. ఇంట్లో పదిరోజుల బాలింత ఉంది.

రైల్వే వర్క్‌షాపులో పంపులు బాగుచేసి రిటైరైన నూకయ్య బాబాయి, గ్యాసు బావికి నీళ్లెందుకో విప్పి చెప్పాడు. "నీల్లూ ఇసకా కలిపి లోపలికి తోత్తారు. రాయి పగిలి గ్యాసొత్తాది. కొన్ని నీల్లు ఉప్పుతో, మందుల్తో పైకి తిరిగొత్తాయి. వాటినే సుబ్బరం సేసి మల్లీ తొయ్యొచ్చు."

అదే మాట ట్యాంకర్ల కాంట్రాక్టరు మనిషి వినోద్‌ని అడిగాం.

"దానికి ప్లాంటు కట్టాలి దీదీ. టైము పడుతుంది. మీ పైపు రెడీగా ఉంది కదా."

సాయంత్రం చర్చి మెట్ల మీద కూర్చున్నాం. మగవాళ్లు ఇంకో అర్జీ పెడదామన్నారు.

"పాత నాలుగూ ఏటయినాయి?" అంది అప్పలనర్సమ్మ.

"ఫైల్లో ఉన్నాయి."

"ఫైలుకి దాహం తీరిపోయుంటాది."

మా వీధికి ఒక చట్టం ఉంది. లైన్లో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఇతరుల బిందె జరిపిన పాపానికి ఇక్కడ పెళ్లి సంబంధాలే తప్పిపోయాయి.

మర్నాడు పొద్దున కుళాయి నుంచి రోడ్డుకు అడ్డంగా పెద్ద పైపు దాకా బిందెలు పెట్టాం. ట్యాంకరు వచ్చి ఆగింది. డ్రైవరు మా పక్కనున్న సుభాష్‌పల్లివాడు, మా చట్టం తెలిసినవాడు. ఇంజను ఆపేశాడు.

"ఏంటిది, తియ్యండి," అన్నాడు వినోద్.

"లైనుంది బావూ. నీ ట్యాంకరు ఆకర్న ఎట్టుకో," అంది అప్పలనర్సమ్మ.

అతను అప్పుడే నిండిన అన్నమ్మ బిందెను తన్నాడు. బాలింత నీళ్లు రోడ్డు పాలయ్యాయి. అప్పలనర్సమ్మ అతని కాలరు పట్టుకుని వంగదీసింది. "ఎత్తు. నీ సేత్తోనే ఎత్తు."

ఎత్తాడు. తర్వాత ఫోను తీశాడు.

పోలీసులు తన్నినవాణ్ణి వదిలి, ఎత్తించినదాన్ని జీపెక్కించారు.

గంట అయిపోయింది, కుళాయి ఆగిపోయింది. లైను మాత్రం కదల్లేదు. ఆమెను వదిలేదాకా, బావివాళ్లు తమ మురికినీళ్లు తామే వాడుకునేదాకా కదలకూడదని అక్కడే కూర్చుని తీర్మానించాం.

మధ్యాహ్నం ఆటోలో నలుగురు ఆడవాళ్లు బకెట్లతో దిగారు. సాలువా పోలీసు క్వార్టర్లవాళ్లు. గ్యాసు బావి వచ్చాక వాళ్ల బోర్లూ ఎండాయట.

"లైన్ కహా ఖతమ్ హోతా హై?" అని లైను చివర ఎక్కడో అడిగారు.

"ట్యాంకర్ కే ఆగే," అని ట్యాంకరు ముందు చోటు చూపించింది అన్నమ్మ.

డ్రైవరు కిందికి దిగి చూసి, మళ్లీ ఎక్కి, నాలుగు బకెట్లకు సరిపడా వెనక్కి జరిపాడు.