మల్‌సున్ ఎడమ చెంప

గూ మల్‌సున్ ముప్పయ్యేళ్ళుగా పరాయి వీపులు రుద్దుతోంది. సియోల్‌లో మంగ్వన్ పేట ఆడవాళ్ళ స్నానశాలలో ఆమె బల్లమీద పడుకోని ఇల్లాలంటూ లేదు. ఎవరి నడుం మీద ఏ మచ్చ ఉందో వాళ్ళ మొగుళ్ళకంటే ఆమెకే బాగా తెలుసు. ఫలానా చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళొచ్చామనో, వెళ్తున్నామనో ఎవరైనా అంటే చాలు, చేతికి తొడిగిన గరుకు గుడ్డ తీసి పక్కన పడేసేది.

"రెండు వారాలదాకా నా కంటబడకు తల్లీ. గరుకు గుడ్డకి పైపొర లేచిపోతుంది. దానిమీద ఆ డాక్టరు మిషను వేడి తగిలిందంటే ఉడికించిన పీతలా అవుతావు. తర్వాత నన్ను తిట్టుకుంటావు."

అంత తెలిసిన మనిషే ఈ పని చేసింది.

కూతురు హేరిన్‌కి సంబంధం కుదిరింది. రెండువైపుల పెద్దలూ కలిసి భోంచేసే రోజు మూడు వారాల్లోకి వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి సంగీతం టీచరు. ఫొటోలో ఆవిడ దవడ స్కేలు పెట్టి గీసినట్టుంది. మల్‌సున్ దవడేమో వయసుతో కొంతా, స్నానశాల ఆవిరికి కొంతా కిందికి జారింది.

"దవడకి అల్ట్రాసౌండ్ వేడి పెట్టించుకో అక్కా. లోపల బిగుస్తుంది, పైన చీమ కుట్టినట్టైనా ఉండదట," అంది పక్క బల్ల దగ్గర పనిచేసే ఓక్‌బున్.

రేపు క్లినిక్‌కి వెళ్ళాలనగా మల్‌సున్‌కి కొత్త దిగులు పట్టుకుంది. డాక్టరు ఆ దీపం వేసుకుని జానెడు దూరంలో మొహం చూస్తాడు కదా, ముక్కు పక్కన మురికి కనబడితే? పనిమనిషి వచ్చేలోగా ఇల్లు ఊడ్చిపెట్టుకునే ఆడవాళ్ళుంటారు, వాళ్ళ బాధే ఈమెదీ. ఆకుపచ్చ గరుకు గుడ్డ చేతికి తొడిగి మొహం రుద్దుకుంది. కుడిచేతి వాటం కనుక ఎడమ చెంపకి కాస్త ఎక్కువే ముట్టింది. అద్దంలో మొహం తళతళలాడుతుంటే తృప్తిగా పడుకుంది.

మర్నాడు గంగ్నమ్‌లోని క్లినిక్‌లో, ఫారంలో వృత్తి దగ్గర "గృహిణి" అని రాసింది. మూడు వారాల్లో వియ్యాలవారితో భోజనం ఉందని ఆమె చెబితే, నలభై దాటిన నర్సు ప్యో యోంజు పక్కన కూర్చుని విని, అడిగింది.

"అమ్మగారూ, ఈ వారంలో ఒళ్ళు రుద్దించుకున్నారా?"

"అబ్బే."

"మొహానికి గరుకు గుడ్డ ఏమైనా?"

"నాకా అలవాటే లేదమ్మా."

"ఎడమ చెంప ఎర్రగా ఉంది. ఏమీ వాడలేదు కదా, నిజంగా?"

"బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండ."

నర్సు ఒక్క క్షణం చూసి, జెల్ దట్టంగా పూసింది. "ఇది మందంగా ఉంటేనే వేడి లోపలికి దిగుతుంది, పైన నిలవదు. ఎముకలో సలిపితే ఫరవాలేదు. చర్మం మీద చురుక్కుమంటే మాత్రం వెంటనే చెయ్యెత్తండి. ఇప్పుడెలా ఉంది?"

జెల్ తగలగానే కారం పూసినట్టయింది. "హాయిగా, చల్లగా ఉంది," అంది మల్‌సున్.

డాక్టర్ తక్ వచ్చి కుడివైపు ఇబ్బంది లేకుండా ముగించాడు. ఎడమవైపు పరికరం ఆనించిన ప్రతిసారీ ఇస్త్రీపెట్టె ఆనించినట్టుంది. చెయ్యెత్తితే ఎందుకు మండిందంటారు, చెప్పాల్సివస్తుంది. ఆమె దుప్పటి అంచు పిడికిట్లో బిగించుకుంది.

జెల్ తుడిచాక చెంపమీద నాలుగు ఎర్రటి గీతలు ఉబ్బి కనబడ్డాయి. డాక్టరు మల్‌సున్ వైపు చూడలేదు.

"ప్యో గారూ, జెల్ ఎక్కడ పూశారు? గోడకా?"

"క్షమించండి డాక్టర్."

"రేపట్నుంచి మీరు ఫోన్లు ఎత్తండి చాలు. ఈ గదిలోకి రావద్దు."

నర్సు మల్‌సున్ ముందు నడుం వంచింది. "నాదే పొరపాటు అమ్మగారూ."

"ఫరవాలేదులెండి," అంది మల్‌సున్.

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని లిఫ్టులో కిందికి దిగుతుండగా తెలిసొచ్చింది. తప్పు చేసింది తను, పెద్దమనసుతో క్షమించేసిందీ తనే. పైగా వాళ్ళిచ్చిన లేపనం రెండు చేతులా పుచ్చుకుంది. నర్సు వంగినప్పుడు కాలరు పైన కనబడిన ఆ మెడ కళ్ళముందే ఉంది. అలాంటి మెడలు ఆమె చేతికింద వేలకొద్దీ నలిగాయి. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళవి, వేలు పెడితే రాళ్ళలా తగిలేవి. బస్టాపులో నిలబడితే బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆమె ఎక్కలేదు.

మళ్ళీ పైకి వెళ్తే, క్లినిక్ హాల్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు మత్తు క్రీము పూసుకుని తెల్లటి మొహాలతో కూర్చున్నారు. మల్‌సున్ డాక్టరుని పిలిపించింది. అతను పక్కకి రమ్మన్నా ఆమె వెళ్ళలేదు. వెళ్తే మళ్ళీ ఏదో ఒక అబద్ధం ఆడేస్తానేమోనని ఆమెకే భయం.

"నిన్న గరుకు గుడ్డతో నేనే రుద్దుకున్నాను. మీ నర్సమ్మ మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ లేదన్నాను. మండింది కూడా, చెయ్యెత్తలేదు. నేను గృహిణిని కాదు. స్నానశాలలో ఒళ్ళు రుద్దుతాను. ఇలా చెయ్యొద్దని మా పేటంతటికీ చెప్పేది నేనే."

తెల్లమొహాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అయితే ప్యో గారు గదిలోనే ఉంటారు," అని గాల్లోకి చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

నర్సు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి చెంపమీద తడి గాజుగుడ్డ వేసింది. కృతజ్ఞత ఏమైనా కనబడుతుందేమోనని మల్‌సున్ ఓరగా చూసింది. అలా చూసినందుకు మళ్ళీ సిగ్గుపడింది.

"ఎర్రగా ఉండటం నేను చూశాను," అంది ప్యో యోంజు. "చూసి కూడా మీ మాట నమ్మాను. పెద్దావిడ, అబద్ధమెందుకు చెబుతుందని. రేపు ఇంకో పెద్దావిడ వస్తుంది. ఆవిణ్ణి నేనెలా నమ్మాలి?"

గట్టిగా అరిచినా బాగుండేది. మల్‌సున్ తల దించుకుంది.

"మూడు వారాల్లో భోజనం ఉందన్నారుగా. తగ్గుతుందా అని అడగరేం?"

అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

"తగ్గుతుంది. నీళ్ళు తప్ప ఇంకేదీ తగలనివ్వకండి," అని నర్సు గాజుగుడ్డ మార్చింది. మల్‌సున్ ఏదో చెప్పబోయింది.

"మాట్లాడకండి, గుడ్డ జారుతోంది," అంది ప్యో యోంజు, నవ్వకుండా.