పదకొండో జెట్

పదకొండో జెట్ మూడోసారి నేలకు గుద్దుకున్నప్పుడు అక్క పరుగెత్తలేదు. మొదటి రెండుసార్లూ పరుగెత్తింది. ఈసారి చేతిలో ఉన్న గ్లూ గన్ సంచిలో పెట్టి జిప్పు వేసింది. చెప్పులో దూరిన రాయి దులుపుకుంది. నీళ్ళు శుద్ధిచేసే కేంద్రం వెనకున్న ఆ మైదానంలో గడ్డి దుబ్బులు దాటుకుంటూ నెమ్మదిగా నడిచింది. విమానం ముక్కు లోపలికి నొక్కుకుపోయింది. ఎడమ రెక్క మొదలంటా విరిగి, టేపు పట్టుకుని వేలాడుతోంది. పొట్టలో ఉన్న ఫ్యాన్ నిండా మట్టి. ముక్కలన్నీ ఏరి, ఉతికిన బట్టలు మోసినట్టు రెండు చేతుల్లో మోసుకొచ్చింది.

తమ్ముడు మెడలో రిమోట్‌తో నిలబడినచోటే ఉన్నాడు.

"మలుపు తిరిగేటప్పుడు తోక బరువు లాగేస్తోందక్కా. బ్యాటరీ ఇంకో రెండు వేళ్ళు ముందుకు జరపాలి," అన్నాడు.

ఆమె సరేనంది. కాదనడానికి కొంత ఓపిక కావాలి.

ఆమెకు యాభై మూడేళ్ళు. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. ఎనభై పొరల గుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి, పైన సుద్దతో గీసి, మిషన్ కత్తితో కోయడం ఆమె పని. రోజుకు తొమ్మిది గంటలు నిలబడే ఉండాలి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి వాళ్ళే అలిసిపోయారు. ఇంటి కింది వాటాలో ఆమె ఉంటుంది, పై వాటాలో తమ్ముడూ మరదలూ ఉంటారు. ఆమెకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. ఆదివారాల సంగతి తెలిసి డిపోలో అందరూ అతన్ని పైలట్ అంటారు.

పన్నెండేళ్ళ కిందట కొత్త ఫ్రిజ్ చుట్టూ వచ్చిన ఫోమ్ పలకలు పట్టుకొచ్చి, వీటితో రెక్కలు కోసిపెట్టమని అడిగాడు. ఆమెకు విమానాల గురించి ఓనమాలు కూడా తెలియవు. "లోకంలో ఉన్నవాళ్ళందరికీ ప్యాంట్లు కత్తిరించేదానివి, రెండు రెక్కలు నీకొక లెక్కా?" అన్నాడు. కోసింది. ఎగిరింది. అంతే, ఇద్దరూ అందులో కూరుకుపోయారు. కొన్నాళ్ళకు ముక్కున పంకా తిరిగే మామూలు విమానాలు అతనికి ఆనలేదు, జెట్‌లు కావాలన్నాడు. వీటికి ముక్కు దగ్గర ఏమీ ఉండదు. పొట్టలో ఒక గొట్టం, ఆ గొట్టంలో అరచేయంత ఫ్యాన్. ముందునుంచి గాలి పీల్చి వెనకనుంచి తన్నుతుంది. చేత్తో విసిరితే కీచుమంటూ దూసుకుపోతుంది. ఆమె చొక్కా చేతికి గీసినట్టే కాగితం మీద నమూనా గీసి, ఫోమ్ షీటు కోసి, కొంచెం వేడి చూపించి, సీసా మీద చుట్టి గుండ్రం చేసి అతికిస్తుంది. పొట్ట లోపల పెన్సిల్‌తో నంబరు వేస్తుంది. చేయడం ఆమె వంతు, ఎగరేయడం అతని వంతు. రిమోట్ పట్టుకుని ఆమె ఎప్పుడూ ఎగరేయలేదు.

మొదటి పది జెట్‌లూ ఏడాదికి తక్కువ కాకుండా బతికాయి. అన్నిటికంటే బాగా కుదిరింది పదకొండోదే. కానీ ఐదు వారాల్లో మూడుసార్లు కూలింది. మొదటిసారి గాలి చాలడం లేదన్నాడు. ఆమె పొట్ట కింద రెండు రంధ్రాలు కోసింది. రెండోసారి ఆకాశం రంగులో కలిసిపోయి ఎటు తిరిగిందో తెలియలేదన్నాడు. రెక్కల అడుగున నారింజ రంగూ పైన ముదురు నీలమూ పూసింది. ఇప్పుడు బ్యాటరీ అంటున్నాడు. ప్రతిసారీ కార్ఖానా నుంచి వచ్చి, వేడినీళ్ళలో మణికట్టు ముంచుకుని, మళ్ళీ బల్ల దగ్గర నిలబడేది. ఒకరోజు మరదలు టీ తెచ్చిపెట్టి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినా, పడుకోండి," అంది. ఆమె నవ్వి, విరిగిన రెక్కలోకి సన్నటి కడ్డీ దోపుతూ ఉండిపోయింది.

మూడోసారి అతికించాక, బ్యాటరీ జరపబోయేముందు విమానాన్ని రెండు చూపుడువేళ్ళ మీద నిలబెట్టి చూసింది. త్రాసు ముల్లులా సమంగా నిలబడింది. తోకను కదిపే చిన్న మోటార్లు చెప్పినట్టే కదులుతున్నాయి. ఫ్యాన్ శుభ్రంగా తిరుగుతోంది. జరపడానికి కారణమేదీ కనిపించక జరపలేదు.

ఆ ఆదివారం తమ్ముడికి డ్యూటీ పడింది. ఆమె ఒక్కతే విమానమూ రిమోటూ పట్టుకుని మైదానానికి వెళ్ళింది. అక్కడికి వచ్చేవాళ్ళలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకసారి ఎగరేసి చూడమని ఆయన్ను అడిగింది. ఆయన ఏడు నిమిషాలు ఎగరేశాడు. గాల్లో ఎనిమిది అంకెలా తిప్పాడు, తలకిందులు చేశాడు, చివరకు గడ్డి మీద దుప్పటి పరిచినట్టు దించాడు.

"దీనికి ఏ రోగమూ లేదమ్మా. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ పైలట్ సంగతి," అన్నాడు నవ్వుతూ.

ఆమెకు నవ్వు రాలేదు. దారిపొడవునా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఈమధ్య అతను ఎగరేసేటప్పుడు తల పక్కకు వంచుతున్నాడు. ఎండ లేకపోయినా కుడికన్ను చికిలిస్తున్నాడు. "ఇటొస్తోందా, అటు పోతోందా?" అని రెండుసార్లు ఆమెనే అడిగాడు. తమాషాకనుకుంది. ఇంటికొచ్చి విమానాన్ని బల్ల మీద పెట్టి పక్కనే కూర్చుంది. పైనుంచి మరదలు భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది.

మర్నాడు కార్ఖానాలో పూటమటుకు సెలవు అడిగి, వెళ్ళి తమ్ముడి బస్సెక్కింది. ఆ బస్సెక్కి చాలా ఏళ్ళయింది. అక్కను చూసి అతను సంబరపడ్డాడు, ముందు సీటు ఖాళీ చేయించాడు. నాలుగు స్టాపులు మామూలుగానే గడిచాయి. తర్వాత ఆమె గమనించసాగింది. ప్రతి స్టాపులోనూ బస్సు కాలిబాట గట్టుకు బారెడు దూరంలో ఆగుతోంది. చేతికర్రతో దిగిన ఒక ముసలాయన గట్టు అందక రోడ్డు మీదే తూలాడు. మలుపుల్లో అతను మెడ సాచి మొత్తం తల తిప్పుతున్నాడు. పెద్ద కూడలి దగ్గర కుడివైపు నుంచి ఒక తోపుడుబండి వస్తోంది. ఆమెకు కనబడింది. నిలబడ్డవాళ్ళకూ కనబడింది. బస్సు ఆగలేదు. ఎవరో అరిచాక బ్రేకు పడింది. నిలబడ్డవాళ్ళందరూ ఒకరిమీద ఒకరు పడ్డారు. తోపుడుబండివాడు రెండు చేతులూ చాపి బస్సు మొహాన్ని ముట్టుకుని ఆగాడు, చేతులతో దాన్ని ఆపగలనన్నట్టు. ఎవరికీ ఏమీ కాలేదు. వాడు తిట్టిన తిట్లు విని బస్సంతా ఊరుకుంది. తమ్ముడు చెమట పట్టిన అరచేయి ప్యాంటుకు తుడుచుకున్నాడు. అద్దంలో అక్కవైపు చూడలేదు.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. కండక్టరు టీకి వెళ్ళాడు. ఆమె లేచి డ్రైవరు సీటు పక్కన నిలబడింది.

"ఎడమకన్ను మూసుకుని నా మొహం చూడరా."

"ఎందుకు?"

"మూసుకో."

మూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఏం కనబడుతోంది?"

"చెవులు కనబడుతున్నాయి. జుట్టు కనబడుతోంది," అన్నాడు. "మధ్యలో మొహం లేదక్కా."

"ఎన్నాళ్ళయింది?"

"ఐదు నెలలు."

"తెలిసి తెలిసి నాచేత ప్లేన్ కోయించావా?"

అతను స్టీరింగు మీద గోటితో గీస్తూ, "ప్లేన్‌దే తప్పయితే బావుండుననుకున్నా. అదయితే నువ్వు బాగుచేస్తావుగా," అన్నాడు.

ఆమెకు కోపం రావాలి. వచ్చినట్టే వచ్చి, నిలబడే ఓపిక లేనట్టు చల్లారిపోయింది. డిపోకు ఫోన్ చేసి ఇంకొకరిని పంపమను, అంది. ఈ ఒక్క ట్రిప్పూ తిప్పి, బస్సు డిపోలో పెట్టి చెప్తానని అతను బతిమాలాడు.

"ఆ తోపుడుబండివాడు నీ ట్రిప్పులు లెక్కపెట్టుకుని అడ్డం వస్తాడా? నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

అతనే ఫోన్ చేశాడు. ఇంకో డ్రైవరు వచ్చేదాకా ముప్పావుగంట ఇద్దరూ ఖాళీ బస్సులో కూర్చున్నారు.

కంటి లోపల వెనకనుండే పొరలో, సరిగ్గా నడిమధ్య, సన్నటి చిల్లు పడిందని డాక్టరు చెప్పింది. ఆపరేషన్ చేసి కంట్లోకి గాలిబుడగలాంటిది ఎక్కిస్తారట. ఆ బుడగ చిల్లును అదిమిపట్టి ఉండాలంటే పదిరోజులు మొహం నేలకేసి బోర్లా పడుకోవాలట. ముందే వచ్చి ఉంటే బాగుండేదనీ, ఇప్పుడు చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేననీ అంది.

మరదలు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు కిందికి దిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీరు చేసింది తప్పని అనను వదినా. కానీ డిపో అంతటికీ తెలిశాక నాకు తెలిసింది. మెట్లెక్కి పైకొచ్చి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

నిజమే. ఆదివారం సాయంత్రమంతా అక్క కిందనే కూర్చుంది, పైకి పోలేదు. ఒప్పుకుంది. మరదలు తల ఊపి, ఆస్పత్రికి ఏమేం సర్దాలో అడిగి వెళ్ళింది.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చారు. బోర్లా పడుకోవడమంటే మాటలు కాదని మొదటిరోజే తేలిపోయింది. దిండ్లు పేరిస్తే ఊపిరాడదు, తీసేస్తే మెడ పీకుతుంది. పన్నెండో జెట్ కోసం తెచ్చిపెట్టిన ఫోమ్ షీట్లు ఆమె దగ్గరున్నాయి. కొలత టేపుతో అతని నుదురూ చెంపలూ గడ్డమూ కొలుచుకుని, మొహం పట్టేంత ఖాళీతో గుర్రపునాడా ఆకారం కోసింది. నాలుగు పొరలు అతికించి, పైన యూనిఫారం భుజాల కింద కుట్టే స్పాంజి మెత్తలు పరిచింది. మొదటిది ఎముకకు గుచ్చుకుంది. రెండోది జారింది. మూడోది కుదిరింది. మంచం చివరన దాన్ని కట్టి, అతని మొహం అందులో ఆనించారు. ఇక అతనికి కనిపించేది కింద నేల, మంచం కాళ్ళు, దగ్గరికొచ్చినవాళ్ళ పాదాలు.

నాలుగు రోజులు అతను అక్కతో మాట్లాడలేదు. ఆమె కార్ఖానా నుంచి తిన్నగా పైకెక్కి, టీలో గొట్టం వేసి అందించి, పేపరు చదివి వినిపించేది. వాతావరణం, ఆటలు, పెళ్ళి ప్రకటనలు, ఏది కనిపిస్తే అది. అతను ఊఁ కొట్టేవాడు కాదు. చదువుతూ చదువుతూ తనే కునికేది. ఐదోరోజు సాయంత్రం ఆమె పక్కన నిలబడి దుప్పటి సర్దుతుంటే కిందనుంచి గొంతు వినిపించింది.

"అక్కా, నీ పాదాలు ఇంత వాచాయేంటి?"

"ఎప్పటినుంచో అంతే."

"చీలమండ కనబడట్లేదు."

"తొమ్మిది గంటలు నిలబడితే ఇంకేం కనబడుద్దిరా?"

"ఇంటికొచ్చాక నాకోసం మళ్ళీ నిలబడేదానివి," అన్నాడు. అతను చేయి సాచి, తడుముతూ ఆమె కుడిపాదం పట్టుకుని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. సొట్ట పడింది. అది పూడేదాకా చూస్తున్నాడని ఆమెకు అర్థమైంది. కళ్ళలో నీళ్ళొస్తే తుడుచుకోలేదు. అతనికి ఎలాగూ మొహం కనబడదు. కుర్చీ లాక్కుని కూర్చోమన్నాడు. కూర్చుంది.

చూపు సగం వచ్చింది. మొహాల్లోకి మొహాలు తిరిగొచ్చాయి కానీ ముక్కులు కాస్త వంకరగా ఉన్నాయన్నాడు. పెద్ద అక్షరాలు చదవగలడు. బస్సుకు ఆ చూపు చాలదు. డిపోలో గేటు పక్కన చిన్న గదిచ్చి, బస్సులు వచ్చే వేళా పోయే వేళా రాసే పనిలో కూర్చోబెట్టారు. మొదటి వారం పాత స్నేహితులు కిటికీలోంచి పైలట్ అని పలకరిస్తే తల ఎత్తలేదు. ఒకతన్ని మాత్రం ఇక అలా పిలవొద్దని మెల్లగా అడిగాడట. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా మెట్ల మీదే కూర్చుండిపోయేవాడు. మరదలు వచ్చి పక్కన కూర్చునేది. అక్క కిటికీలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయేది.

రెండు నెలలు ఆదివారాలు ఊరికే గడిచాయి. ఆ మాట బయటికి అనలేదు కానీ అక్కకు సుఖంగానే ఉండింది. మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయింది. ఒక ఆదివారం తమ్ముడు కిందికొచ్చి, గోడకు ఆనించిన పదకొండో జెట్‌ను తీసి తిప్పి చూశాడు. గడియారాలాయనకు ఇచ్చేద్దామా అంది ఆమె. ఇవ్వొద్దన్నాడు.

"నువ్వు ఎగరెయ్యి."

"నాకు ఓపిక లేదురా."

"నిలబడక్కర్లేదు."

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని, విమానం చంకలో పెట్టుకుని బయల్దేరాడు. చేసేదిలేక ఆమె చెప్పులేసుకుంది. మైదానంలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, రిమోట్ చేతిలో పెట్టి, ఏ పుల్ల ఏం చేస్తుందో రెండుసార్లు చెప్పాడు. ఆమె బొటనవేళ్ళు బిగుసుకున్నాయి. వదులుగా పట్టుకో, కత్తెర కాదది, అన్నాడు. పరుగెత్తి విసిరాడు. జెట్ కిందికి దిగి, నేలను రాసుకోబోయి, కీచుమంటూ లేచింది.

అతను ఆకాశం వైపు చూడలేదు. తల వంచుకుని చెవి పెట్టి నిలబడ్డాడు. శబ్దం సన్నబడితే దూరం పోతోందనీ, బొంగురుపోతే వేగం తగ్గిందనీ చెప్తూ వచ్చాడు. ఇప్పుడు కొంచెం వెనక్కి లాగు, ఇప్పుడు వదిలెయ్, అనేవాడు. ఆమె ఒక మలుపు తిప్పింది. ఇంకొకటి తిప్పింది. మూడోది తిప్పబోతే ఒక రెక్క వాలిపోయి, జెట్ మైదానం అవతలి గడ్డిలోకి దిగబడింది.

అతను వెతకడానికి వెళ్ళాడు. చాలాసేపు పట్టింది. రెండుసార్లు దాని పక్కనుంచే దాటిపోవడం ఆమె చూసింది. కుడిపక్కకు అని చేత్తో చూపించింది. దొరికింది. తోక ఒకవైపు చిరిగింది, ఇంకేమీ కాలేదన్నాడు వచ్చి.

"టేపుతో పోతుంది. నేనే వేస్తాలే."

"సరిగ్గా వెయ్యలేవు."

"వంకరగానే వేస్తా."

దారిలో టీకొట్టు దగ్గర ఆగారు. వచ్చే ఆదివారం తను రాననీ, పడుకుంటాననీ ఆమె చెప్పింది. సరే, ఆపై వారం పోదామన్నాడు అతను. గ్లాసు ఖాళీచేసి కుర్చీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. ఇద్దరూ తీరిగ్గా ఇంటివైపు నడిచారు.