చెయ్యి వేసే బటన్

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. రిమోట్‌ని కాను. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. గుంటూరులో నేనుంటున్న ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ నన్ను టీవీకి గురిపెట్టి ఛానల్ మార్చబోతారు.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో ఒకమ్మాయి నా పదహారు బటన్లూ ఓపిగ్గా నొక్కి చూసి, బాగున్నానని చీటీ అంటించింది. చాలాకాలం వరకు నాకు దక్కిన మర్యాద అదొక్కటే. మొదట నన్ను కొన్నవాడు ఇంజనీరింగ్ చదివేవాడు. క్రికెట్ ఆటలో ఓడినప్పుడల్లా నన్ను గోడకేసి కొట్టేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా నాదేనట. ఆ దెబ్బలకే నా ఎడమ స్టిక్ పట్టు తప్పింది. ఎవరు ఎటు నడిపినా కాస్త ఎడమకు లాగుతాను. అలా చేసినవాడే, పాడైపోయిందని పెదవి విరిచి నన్ను అమ్మేశాడు.

కొన్నది వినీల. కొత్త ఆటలు ఆడి, మొదటి గంటలో ఏమనిపించిందో వీడియోలో చెప్పడం ఆమె పని. ఆమె చేతిలో నేను కోటలు పట్టాను, విమానాలు నడిపాను. అలాంటి నా చేత మొన్నామధ్య ఆమె పెట్టెలు మోయించింది.

ఆ ఆటలో కనుచూపు మేరా కొండలు, వాగులు, రాళ్లు. ఎటైనా పోవచ్చు, కానీ పోయి చేసేది డెలివరీ. ఒక మనిషి వీపుమీద పెట్టెలు పేర్చుకుని ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి నడుస్తాడు. శత్రువు లేడు, తుపాకీ లేదు. బరువు ఎడమకు ఒరిగితే కుడి బటన్, కుడికి ఒరిగితే ఎడమ బటన్. నాకు ఒళ్లు మండింది. వినీల నాలుగుసార్లు వాగులో పడి, "నడవడం తప్ప ఇందులో ఏమీ లేదండీ" అని మైకులో చెప్పేసింది. నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను.

టీ పెట్టడానికి లేస్తూ, ఆట ఆగిపోకుండా కాస్త కదుపుతూ ఉండమని నన్ను పక్కనే కూర్చుని చూస్తున్న తండ్రి చేతిలో పెట్టింది.

తండ్రి యలమంద, మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు టిక్కీలు మోసిన హమాలీ. మిరపకాయల బస్తాను అక్కడ టిక్కీ అంటారు. ఎనిమిది నెలల కిందట నడుము దెబ్బతింది. ఇక బరువు ఎత్తకూడదన్నారు డాక్టరు. జారిపడ్డానని ఇంట్లో చెప్పాడు. అప్పటినుంచి గడప దాటడు, యార్డువాళ్లు వస్తే అటు తిరిగి పడుకుంటాడు. మొయ్యలేని హమాలీ దేనికి పనికొస్తాడని ఒకసారి గోడతో అన్నాడు. నేను విన్నాను.

అతను తెరమీది మనిషిని ఎగాదిగా చూసి, "ఎవరు పేర్చార్రా నీకు, ఇట్టానా పేర్చేది?" అన్నాడు. గంటసేపు కూతురి వేళ్లు చూసినవాడు కనుక, తెరమీద పెట్టెలను అటూ ఇటూ జరిపి, బరువైనదాన్ని మెడ దగ్గరికి చేర్చాడు. వాలులో అడుగులు చిన్నవి చేసి, అడ్డంగా నడుస్తూ దిగాడు. నేను ఎడమకు లాగితే తిట్టలేదు. "దీనికీ నడుం పోయినట్టుంది" అని, ఆ మేరకు వేలు కుడికి వంచాడు. ఒక్క పెట్టె తడవకుండా వాగు దాటాడు. నా లోపాన్ని లెక్కలోకి తీసుకుని నడిచినవాడు ఇన్నేళ్లలో అతనొక్కడే.

చేరాల్సిన గుమ్మంలో ఒక ఆసామి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బటన్ నొక్కి పెట్టెలు దింపమని తెరమీద అక్షరాలు వచ్చాయి. యలమంద నొక్కలేదు. ఆ ఆసామి వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ఆ తరువాత ఆ ఒక్కటి తప్ప నా బటన్లన్నీ నొక్కి చూశాడు. పైన గడియారం ఎర్రబడింది.

వినీల టీ గ్లాసులతో వచ్చింది.

"నాన్నా, టైం అయిపోతంది. కింద బటన్ నొక్కు."

"ఆయన్ని ఓ చెయ్యెయ్యమను."

"ఎందుకు?"

"దించటానికి. వీపుమీద బరువు ఒక్కడే ఎట్టా దించుకుంటాడు? ఆయన ఊరికే చూస్తా నిలబడ్డాడుగా."

"ఆటలో అది లేదు నాన్నా."

"ఇన్ని కొండలు పెట్టినోళ్లు అదెందుకు పెట్టలా?" తెరమీది ఆసామిని వేలితో చూపించాడు. "ఆ రోజూ ఎవరూ ఎయ్యలేదమ్మా. నేను జారి పడలా. జతగాణ్ణి వేరే లారీకి పంపించి, ఒక్కడివే లేపెయ్యమన్నాడు మేస్త్రి. చుట్టూ పదిమంది నిలబడే ఉన్నారు."

నాకు అప్పుడు వచ్చినంత కోపం గోడకేసి కొట్టినవాడి మీద కూడా రాలేదు. పదహారు బటన్లు పెట్టారు నాకు. కాల్చడానికి ఉంది, తన్నడానికి ఉంది, పారిపోవడానికి రెండున్నాయి. పక్కవాడికి చెయ్యి వెయ్యడానికి ఒక్కటి లేదు. మనుషులు తాము రోజూ చేసే పనులకే బటన్లు పెట్టుకుంటారు కాబోలు.

వినీల గ్లాసులు కింద పెట్టింది. తండ్రి పక్కన కూర్చుని, నన్ను అతని చేతిలోంచి తీసుకోకుండానే ఒక వైపు తనూ పట్టుకుంది.

"ఊ అను నాన్నా" అంది.

"ఊ" అన్నాడు యలమంద.

ఒక్క బటన్ మీద రెండు వేళ్లు పడ్డాయి. పెట్టెలు దిగాయి. ఆలస్యమైందని ఆట వాళ్లకు ఐదుకు రెండు నక్షత్రాలు ఇచ్చింది.

ముందు చెప్పిందంతా వినీల చెరిపేసి మళ్లీ చెప్పింది: "ఈ ఆటలో అన్నీ ఉన్నాయండీ, చెయ్యి వేసేవాడు లేడు. మా నాన్న హమాలీ. ఆయన కనిపెట్టాడు." వీడియో కింద కామెంట్లు బోలెడొచ్చాయి. ఎక్కువమంది ఆ పాత కంట్రోలర్ పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. నేను వాళ్ల సొమ్మేం తిన్నానో తెలియదు.

ఆమె కొత్తది కొంది కూడా. నేను యలమంద మంచం దగ్గరికి మారాను. రోజూ సాయంత్రం అతను బరువెత్తుకుని బయలుదేరతాడు. ప్రతి గుమ్మం ముందూ వీపు తిప్పి, ఆ నిలబడ్డవాడికి ఒక అవకాశం ఇస్తాడు. వాడు కదలడు. అప్పుడు పక్కగది వైపు చూసి, "అమ్మా, ఓ చెయ్యెయ్" అంటాడు. వినీల చేస్తున్న పని వదిలి వస్తుంది.

ఆటవాళ్లు ఇప్పటికీ రెండు నక్షత్రాలే ఇస్తున్నారు.