అట్ట లోపలి అట్ట

నేను ఒక జానపద నవల ప్రతిని. కథ పేరు 'నీలిగవ్వల దీవి'. కథ నాదనుకోకండి. దాన్ని రాసినాయన వేరు, అది అచ్చయిన ప్రతులు వేలకు వేలు. నాకంటూ ఉన్నది మూడో ముద్రణ అట్ట ఒక్కటే. చెప్పదలచుకున్నది దాని గురించే.

నేను బెజవాడలో పుట్టాను. సీసపు అక్షరాలు ఏరి కూర్చే రోజులవి. గరుకు కాగితం, రెండు ఇనుప పిన్నులు, పైన మూడు రంగుల అట్ట. మొదటి రెండు ముద్రణల్లోనూ అట్టమీద రాకుమారుడు తెల్లగుర్రం ఎక్కి కత్తి దూసి ఉంటాడు. పక్కన రాకుమారి మూర్ఛపోయి ఉంటుంది. మూడోసారి బొమ్మ వేసిన చిత్రకారుడు కథ చివరిదాకా చదివినట్టున్నాడు. గుర్రం మీద రాకుమారిని కూర్చోబెట్టి, కత్తి ఆవిడ చేతికిచ్చాడు. కథలో మాంత్రికుణ్ణి చంపేది ఆవిడే మరి. అయినా రాకుమారుడేడని పాఠకులు ఉత్తరాలు రాశారట. నాలుగో ముద్రణలో ఆవిడ మళ్ళీ మూర్ఛపోయింది. కొత్త కథ కావాలంటూనే, మనుషులు అట్టమీద పాత బొమ్మే అడుగుతారు.

నన్ను తెనాలిలో అద్దె లైబ్రరీ నడిపే ఆయన కొన్నాడు. ఎందరో నన్ను తలగడ కింద దాచుకున్నారు, కొందరు అన్నం తింటూ చదివారు. పప్పు మరకలు, కొబ్బరినూనె వేలిముద్రలు నాకు అప్పటివే. టీవీలు వచ్చాక లైబ్రరీ మూతపడింది. ఆయన పుస్తకాలు అమ్మేస్తూ, కొన్నవాళ్ళను ఎవరూ దొంగలనుకోకూడదని, తన లైబ్రరీ ముద్ర ఉన్న మొదటి కాగితాన్ని ప్రతిదాంట్లోనూ చించేశాడు. మంచి మనిషే. కానీ 'మూడవ ముద్రణ' అన్న మాట నాలో ఉన్నది ఆ కాగితం వెనకే. ఆనాటి నుంచి నేనెవరినో చెప్పడానికి అట్టొక్కటే మిగిలింది.

ఆ అట్ట కోసం గుంటూరులో ఒకావిడ ఎదురుచూస్తున్నదని నాకు తెలియదు. ఆవిడ పేరు వకుళ. ఈ నవల ముద్రణలన్నీ సేకరించింది. వారపత్రికలోంచి కత్తిరించి కుట్టిన సీరియల్, పాకెట్ సైజు, పిల్లల కోసం కుదించింది, ఈమధ్య నున్నటి కాగితం మీద వేసింది, అన్నీ ఆవిడ గాజు బీరువాలో ఉన్నాయి. రెండోదానికీ నాలుగోదానికీ మధ్య ఒక్క పుస్తకం పట్టేంత ఖాళీ. పదమూడేళ్ళ వయసులో ఆవిడ మొదట చదివింది ఆ ముద్రణే. గుర్రం మీద ఆడపిల్లను అంతకుముందెక్కడా చూడలేదట. ఇదంతా తర్వాత ఆ బీరువాలోంచి తోటి ముద్రణలు చెప్పగా విన్నాను.

ఆవిడ భర్త గురునాథం రిటైరైన లెక్కల మాస్టారు. అట్ట వేయని పుస్తకంతో వచ్చిన పిల్లవాణ్ణి తరగతి బయట నిలబెట్టిన మనిషి.

"కథ ఒకటే కదే వకుళా, ఇన్నెందుకు? అన్నీ కూడినా ఒకటే వస్తుంది" అనేవాడట.

"మీ లెక్కలో వస్తుందిలెండి. నాకా మూడోది కావాలి."

ఆ బొమ్మ సంగతి ఆవిడ చాలాసార్లే చెప్పింది. ఆయన పేపరు చదువుతూ ఊఁ కొట్టాడు. పెళ్ళయిన ఇళ్ళలో ఊఁ కొట్టడాన్నే వినడమంటారు.

తర్వాత వకుళ జబ్బుపడింది. డాక్టర్లు మాస్టారిని వరండాలోకి పిలిచి మాట్లాడారు. ఆ మర్నాడు ఆయన బెజవాడ బస్సెక్కి, పాత పుస్తకాల పేవ్‌మెంట్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. భార్యకు ఇంకేమీ ఇవ్వలేనని తెలిసిన మనిషి ఒక్క పుస్తకమైనా ఇవ్వాలనుకున్నాడు. కొన్నాళ్ళ తిరుగుడు తర్వాత నా గుట్ట దగ్గరికి వచ్చాడు. అమ్మేవాడికి వకుళ తెలుసు.

"అమ్మగారడిగే మూడోది ఇదేనండి. మొన్ననే దొరికితే తీసి పక్కన పెట్టా."

మాస్టారు నన్ను రుమాల్లో చుట్టుకున్నాడు. దారంతా సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. నేరుగా ఇంటికి వెళ్ళుంటే నాకీ కథ ఉండేది కాదు. కానీ నేను మాసిపోయి ఉన్నాను. చిరిగిన పుస్తకం చేతికిస్తే భార్యను చిన్నబుచ్చినట్టవుతుందనుకున్నాడు. కొత్తపేట సందులో బైండింగు చేసే మస్తాన్‌వలి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మస్తానూ, దీన్ని పెళ్ళికూతుర్ని చెయ్యాలయ్యా. ఎర్ర కాలికో గుడ్డ, బంగారు అక్షరాలు."

"పాత అట్ట లోపల కుట్టేయనా మాస్టారూ?"

"ముక్కలైపోయింది కదయ్యా, తీసెయ్."

"బొమ్మ బాగుంది సార్. ఉంచమంటే ఉంచుతా."

"మూడో ముద్రణ మూడో ముద్రణే. అట్ట తీస్తే రెండవుతుందా?" అని మాస్టారు నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు కాబోలు, ఆ నవ్వు కాస్త ఎక్కువసేపు ఉంది.

మస్తాన్ దుకాణంలో కాగితం పారేయరు. అట్టముక్క పలచగా ఉంటే, చేతికందిన చిత్తుకాగితం దానికి అంటించి మందం చేస్తారు. ఆ రోజు నా కొత్త అట్టకు చేతికందింది నా పాత అట్టే. ముక్కలు పేర్చి, బొమ్మ లోపలికి పెట్టి, మైదా జిగురుతో అంటించాడు. దానిమీద ఎర్ర గుడ్డ వేశాడు. నా ముఖం నాలోపలికే వెళ్ళిపోయింది. అంచులు కోసి, బరువు కింద పెట్టి ఆరనిచ్చాడు. పని బాగా చేశాడు. అబద్ధం చెప్పను.

మాస్టారు నన్ను మంచం దగ్గరికి తెచ్చి, "కళ్ళు మూసుకో" అన్నాడు. వకుళ మూసుకుంది. నన్ను చేతుల్లో పెట్టాడు.

"మూడోది" అన్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచి లేచి కూర్చోబోయింది. ఆయన వీపుకు తలగడ పెట్టాడు. ఆవిడ నన్ను తెరిచింది, తిప్పింది, మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ వేళ్ళు వెతకడం నాకు తెలుస్తోంది. ఇక్కడే ఉందమ్మా అని చెప్పడానికి నాకున్నవి ఒకాయన రాసిపెట్టిన మాటలే.

"అట్ట ఏదండీ?"

"అదా, చీలికలైపోయింది, తీయించేశా. చూడు ఎంత గట్టిగా కట్టాడో. వందేళ్ళుంటుంది."

ఆవిడ ఆయన వంక చూసింది. "గుర్రం మీద ఎవరున్నారో చూశారా మీరు?"

"గుర్రమా?" అన్నాడు మాస్టారు.

అప్పుడు ఆయన ముఖంలోకి ఏదో రావడం ఆవిడ గమనించింది. అది పూర్తిగా రాకముందే, "పోనీలెండి. కుట్టు బాగుంది" అంది.

నన్ను బీరువాలో ఆ ఖాళీలో పెట్టమనలేదు. మందుసీసాల పక్కన ఉంచమంది. ఆవిడ పోయేదాకా అక్కడే ఉన్నాను.

కర్మకాండలు అయ్యాక మాస్టారు నన్ను సంచిలో వేసుకుని మస్తాన్ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ అట్ట కావాలయ్యా."

"రెండుసార్లు అడిగా కదా మాస్టారూ."

"అడిగావు. ఎక్కడుంది?"

మస్తాన్ తల గోక్కున్నాడు. "దేంట్లోనో వేసేసుంటా సార్. అప్పుడు మీ హైస్కూలు రిజిస్టర్లు కట్టాం. వాటిలో చూడండి."

మాస్టారు తాను పనిచేసిన బడికే వెళ్ళి, తన దగ్గర చదువుకున్న హెడ్మాస్టరు ముందు నిలబడి అడిగాడు. హాజరు రిజిస్టర్ల అట్టలు తడిపి, బ్లేడుతో పొరలు విప్పాడు. ఎవరిదో శుభలేఖ వచ్చింది. నూనెమిల్లు క్యాలెండర్లోంచి సగం లక్ష్మీదేవి వచ్చింది. "ఇక చాలు మాస్టారూ" అని హెడ్మాస్టరు చెయ్యి పట్టుకున్నాడు. నేను బల్లమీద సంచిలోనే ఉన్నాను. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టని మీరంటారు. ఆ పిల్లకైనా ఏడవడానికి నోరుంటుంది.

ఏడాది తిరిగాక హైదరాబాదు నుంచి వంశీధర్ అనే కుర్రాడు వచ్చాడు. అతనూ ఈ నవల ముద్రణలు సేకరిస్తాడు. బీరువాలో ఆ ఖాళీ చూడలేక మాస్టారే రమ్మన్నాడు. అతను ఒక్కొక్కదాన్నీ ముట్టుకుని మురిసిపోయాడు. నన్ను మాత్రం తిప్పి తిప్పి చూసి బల్లమీద పెట్టాడు.

"ఇది ఏ ముద్రణో చెప్పలేమండీ."

"మూడోది బాబూ."

"గుర్తేమైనా ఉందా అండీ?"

"మా ఆవిడ కోసం తెచ్చాను" అన్నాడు మాస్టారు.

కుర్రాడు నన్ను రెండు చేతులా తీసి ఆయనకిచ్చాడు. "అయితే ఇది మీ దగ్గరే ఉండనివ్వండి" అని, మిగిలినవన్నీ పెట్టెలో సర్దుకుని వెళ్ళాడు. నా తోటివాళ్ళందరూ ఇప్పుడు ఎక్కడో ప్లాస్టిక్ తొడుగుల్లో దొరల్లా ఉండి ఉంటారు.

ఖాళీ బీరువా ముందు కుర్చీ వేసుకుని మాస్టారు నన్ను తెరిచాడు. అప్పటిదాకా ఈ కథ ఆయన ఒక్కసారీ చదవలేదు. లెక్క చేసినట్టు, ఒక్క వాక్యం వదలకుండా చదివాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంత్రానికి, పడిపోయిన రాకుమారుడి చేతిలోంచి కత్తి తీసుకుని రాకుమారి తెల్లగుర్రం ఎక్కే చోటికి వచ్చాడు. ఆ పేరా రెండోసారి చదివాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

తర్వాత నన్ను మూసి, ఎర్ర అట్టమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. ఆ చేతికీ గుర్రం మీది ఆడపిల్లకూ మధ్య ఉన్నది ఒక గుడ్డముక్క, కాస్త మైదా జిగురు.