బోడగుట్ట మీది తమ్ముడు

దసరా సెలవులకు ఎవరైనా గోవా పోతారు, ఊటీ పోతారు, ఏమీ లేకుంటే వేములవాడ పోయి కోడెను కట్టి వస్తారు. కోరుట్లలో పిల్లలకు సోషల్ చెప్పే మధుకర్ సారు మాత్రం పెళ్లాన్ని, బిడ్డను, కన్నతల్లిని కారెక్కించుకుని, మనుషులు ఒకర్నొకరు చంపుకున్న చోట్లు చూపించడానికి బయల్దేరాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అన్నారు పెద్దలు. ఆ పిచ్చికి పెట్రోలు పోసుకుని మరీ పోవడం ఈయనకే చెల్లింది.

"సముద్రం సూపియ్యమంటే సమాధులు సూపిస్తనంటడు గీ మనిషి. జర మీరన్న చెప్పున్రి అత్తమ్మా" అని ముందు సీట్లోంచి కోడలు సంధ్యారాణి ఫిర్యాదు చేసింది.

వెనక సీట్లో మనుమరాలు చిన్నిని ఒళ్లో పడుకోబెట్టుకున్న శంకరవ్వ నవ్వి ఊరుకుంది. అరవైకి దగ్గరపడిన ఆ మనిషికి గోవా అయినా గుట్టలైనా ఒకటే. ఆమె ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది ఒక్క ఆశతో. జగిత్యాల కోట చూసి, ఏవో గుట్టలు తిరిగి, పొద్దుగూకే వరకు సిరిసిల్ల చేరుతామన్నాడు కొడుకు. సిరిసిల్ల ఆమె పుట్టిల్లు. నేతపని చేసే పద్మశాలీల వాడలో, బొంబాయి దగ్గరి భివండి నుంచి పండుగకు వచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లను పట్టుకుని తమ్ముడి జాడ అడగాలి.

తమ్ముడు భివండి పోయి ముప్పై ఏళ్లు దాటింది. పోయాడని చెప్పింది ఎవరో కాదు, శంకరవ్వే. అసలు సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. పిల్లవాడు అన్నల్లో కలిశాడు. అడవిలో తుపాకీ పట్టుకుని తిరిగేవాళ్లను అప్పట్లో ఊళ్లన్నీ అన్నలనే పిలిచేవి. ఒకరోజు పోలీసు జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. "కొడుకేడి?" అని ముసలి తండ్రిని గద్దించారు. మధుకర్ పుట్టిన కొత్తలో పుట్టింట్లో ఉన్న శంకరవ్వ, పసిగుడ్డును ఎత్తుకుని గడపలోకొచ్చి, "భివండి పోయిండు సారూ, సాంచెల మీద పనికి" అన్నది. సిరిసిల్లలో అది ఎవరైనా నమ్మే మాటే. అక్కడి మరమగ్గాల పనికి ఇంటికొకడు అట్లా పోయినవాడే.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం ఎంత బాగా అతికిందంటే, రానురాను అతికించిన మనిషికే అతుకు కనబడకుండా పోయింది. ఆమె లెక్కలో తమ్ముడు భివండిలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు, అక్కడి పిల్లనే చేసుకున్నాడు, అతనికిద్దరు పిల్లలు. పనిలో పడి ఇంటిని మరిచాడు. మగవాళ్లు మరుస్తారు కదా. ఏటా పెత్రమాస నాడు చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు తల్లికి, తండ్రికి, మొగనికి ఇచ్చేది. తమ్ముడికి ఇచ్చేది కాదు. బతికున్న మనిషికి ఎవరైనా బియ్యం ఇస్తారా?

జగిత్యాల కోట దగ్గర మధుకర్ హుషారు చూడాలి. నక్షత్రంలా కట్టిన గోడల గురించి, కందకం గురించి, ఫిరంగుల గురించి బడిలో చెప్పినట్టే చెప్పాడు. చిన్ని ఫిరంగి మీద చెయ్యేసి ఫొటో దిగింది. సంధ్యారాణి నీడ వెతుక్కుంది. శంకరవ్వ మాత్రం కందకం అంచున నిలబడి, పాచి పట్టిన నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది.

"గీ కోట కోసం సచ్చినోళ్లకు బియ్యం ఎవలిస్తరు కొడుకా?"

"అయ్యో అవ్వా, గది ఎన్నడో తాతల తండ్రుల కాలం ముచ్చట."

"ఏండ్లయితె ఆకలి గాదా?"

మధుకర్ చదివిన పుస్తకాల్లో ఆ పాఠం లేదు మరి. తల్లి చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చాడు. ఎండలో నిలబడిన మనిషి చెయ్యి చల్లగా ఉండటం చూసి కొంచెం భయపడ్డాడు కూడా.

చందుర్తి దాటాక ఒక చెట్టు కింద సద్ది విప్పారు. ముందురోజే పెత్రమాస కాబట్టి గారెలు మిగిలి ఉన్నాయి. తింటూ తింటూ మధుకర్ తర్వాతి మజిలీ చెప్పాడు. వీర్నపల్లి అవతల బోడగుట్ట అని ఒకటుందట. తాను ఒళ్లో పిల్లవాడిగా ఉన్న కాలంలో అక్కడ ఎదురుకాల్పులు జరిగాయట. అన్నలు నలుగురు పోయారట. అక్కడ కట్టిన స్థూపాన్ని ఎవరో కూలగొడితే, ఆ రాళ్లు మాత్రం మిగిలాయట.

శంకరవ్వ చేతిలోని గారె చేతిలోనే ఉండిపోయింది. ఇంతసేపూ ఆమె రాజుల యుద్ధాలే అనుకుంది. "గది సూశేదేముంది? సక్కగ సిరిసిల్లకు పోనియ్యి" అన్నది. కొడుకు వినలేదు. చరిత్ర దగ్గర అతను ఎవరి మాటా వినడు.

గుట్ట కింద కారాగింది. "నేను రాను. మీరు పోయి రాన్రి" అని శంకరవ్వ మొండికేసి కూర్చుంది. ముగ్గురూ ఎక్కి పోయారు. అద్దంలోంచి పైకి చూడకూడదనుకుంటూనే చూసింది. గుట్ట సగంలో ఎర్రటి రాళ్ల కుప్ప. దాని ముందు ఎవరో ఆడమనిషి వంగి, చెంబుతో నీళ్లు చల్లుతోంది. రాళ్ల మీద పచ్చగా బంతిపూలు.

చచ్చిన చోటుకు పూలు తెచ్చేది ఎవరు? అక్కో, చెల్లో, తల్లో అయి ఉండాలి. ఆ మాట మనసులో పడ్డాక కారులో కూర్చోవడం శంకరవ్వ వల్ల కాలేదు. దిగి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఎక్కసాగింది. టేకు ఆకులు కాళ్లకింద కరకరలాడాయి. ఆగితే, ఒక్క అడుగు ఆలస్యంగా వెనకాల కూడా ఆ చప్పుడు ఆగినట్టయింది. తిరిగి చూసింది. ఎవరూ లేరు. మళ్లీ నడిచింది. మళ్లీ వెనకాల ఆకులు నలిగాయి. చిన్నప్పుడు బజారుకు పోతుంటే ఇట్లాగే ఒకడు వెనకాలే వచ్చేవాడు, పో అంటే పోకుండా. శంకరవ్వ ఇంక వెనక్కి చూడలేదు.

పైన ఆ ఆడమనిషి మధుకర్‌తో మాట్లాడుతోంది. పేరు పోచవ్వ, కింది ఊరే. శంకరవ్వ కంటే రెండుమూడేళ్లు చిన్నదై ఉంటుంది. పక్కనే ఆమె మేకలు మేస్తున్నాయి. మధుకర్ ఫోన్ పెట్టి రికార్డు చేసుకుంటున్నాడు.

"నలుగురు పోయిన్రు సారూ. ముగ్గురి ఇండ్లోళ్లు అచ్చి ఏడ్సుకుంట తోల్కపోయిన్రు. ఒక్కని కోసం ఎవ్వలు రాలే. ఊరోళ్లే గీడ కాలవెట్టిన్రు. గాయనకే గీ పూలు."

"ఆయన నీకేమైతడు?" అని అడిగింది సంధ్యారాణి.

"తమ్ముడు" అన్నది పోచవ్వ. అని, తనే తల అడ్డంగా ఊపింది. "తోడవుట్టినోడు గాదు. నాకు తోడవుట్టినోళ్లే లేరు. గా దినం తుపాకుల సప్పుడు ఆగినంక, మా మక్క చేన్ల గుడిసెకు పాక్కుంట అచ్చి పడ్డడు. కడుపుల తూటా. మీసం గూడ సరింగ రాలే. ఏం జేయాలె? పొయ్యి పక్కపొంటి పండవెట్టి నీళ్లు తాపిన. పేరడిగితె చెప్పలే. పానం పోతుంటె గూడ చేతులు ఊకోలే సారూ. కండువ కొసలు పోగు పోగు తీసుడు, పొయ్యిల బూడిద ఏలుకు అద్దుకునుడు, రెండు పోగులు కలిపి మెలేసుడు. ఇంకో పోగు తీసుడు, మళ్ల గట్లనే. సచ్చేటోళ్లు బట్టలు పీకుతరు గదా, గదే అనుకున్న."

శంకరవ్వ పక్కనున్న రాయిని పట్టుకుంది.

మిగతావాళ్లకు అది చావుబతుకుల్లో ఉన్నవాడి పిచ్చిచేష్ట. శంకరవ్వకు కాదు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగును పోగు పోగూ మెలేసి అతకాలి. వేలికి బూడిద అద్దుకుంటే పోగు జారదు. పెద్దవాళ్లకు తీరుబడి ఉండదు కాబట్టి అది పిల్లల పని. వాళ్లింట్లో శంకరవ్వది మెలేసే పని, తమ్ముడిది అందించే పని. పడుగుకు అటుపక్క కూర్చుని, ఒక్కో పోగు ఏరి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, "అక్కా" అనేవాడు. ఆమె అందుకునేది. మళ్లీ "అక్కా". వేల పోగులకు వేలసార్లు. ఒక్కోసారి ఆమె కునికితే, పోగు పట్టుకున్న చెయ్యి అట్లాగే చాపి ఉంచేవాడు, అందుకునే దాకా దించేవాడు కాదు.

"ఆఖరికి" అంటోంది పోచవ్వ, "ఒక పోగు గిట్ల రెండు వేళ్ల నడుమ వట్టుకొని, నా దిక్కు చెయ్యి చాపి, 'అక్కా' అన్నడు. గదొక్కటే మాట. రాఖీ పున్నమి పోయి ఎక్వ దినాలు గాలే. పాపం, రాఖీ కట్టుమంటుండనుకున్న. గా పోగే ఆయన చేతికి కట్టిన. జరసేపటికే పాయె. గప్పటి సంది గీయనే నాకు తమ్ముడు. ఏటా రాఖీ గీ రాయికి కడుత. పెత్రమాసకు బియ్యమిస్త. నిన్న గూడ ఇచ్చిన. బియ్యం తీసుకునే అయ్యగారు పేరేందని అడుగుతడు. పేరు లేకుంటె గా బియ్యం ఎవలకు ముట్టాలె అంటడు. ఏం చెప్పాలె? తమ్ముడు అంట."

అప్పుడు పోచవ్వ చూపు శంకరవ్వ మీద పడింది. ఆ మొహంలో ఏం కనబడిందో, చెంబు కింద పెట్టింది.

"అక్కా, మీ వోళ్లు గిట్ల ఎవలన్న..."

"లేరు" అన్నది శంకరవ్వ. ఆలోచించకముందే నోరు అనేసింది. దానికి అది ముప్పై ఏళ్ల అలవాటు. "మా తమ్ముడు భివండిల ఉంటడు."

అని గిర్రున తిరిగి గుట్ట దిగిపోయింది. మిగతావాళ్లు ఏమీ అర్థం కాక వెనకాలే దిగారు. ఈసారి ఆకుల చప్పుడు ఆమె వెంట రాలేదు. దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. పైనే ఉండిపోయాడు.

కారు కదిలింది. శంకరవ్వ కళ్లు మూసుకుని భివండిలోని తమ్ముణ్ని తలుచుకోబోయింది. గది కనబడింది, పిల్లలు కనబడ్డారు. వాడి మొహం మాత్రం ఎంత పిలిచినా రాలేదు. ఇన్నేళ్లలో ఎన్నడైనా వచ్చిందా అంటే, అది కూడా చెప్పలేకపోయింది. దానికి బదులు చాపిన చెయ్యి ఒకటి కనబడింది. బూడిద అంటిన వేళ్లు, మధ్యలో పోగు. అందుకునే దాకా దించని చెయ్యి. వచ్చే పెత్రమాసకు అయ్యగారు మళ్లీ పేరడుగుతాడు. పోచవ్వ మళ్లీ తెల్లమొహం వేస్తుంది. ఎవరికీ ముట్టని బియ్యం. తోడబుట్టిన అక్క కోరుట్లలో నిక్షేపంగా ఉండి, వాణ్ని ఆకలితో తిప్పుతుంది. ఈ పాపం ఏ గంగలో మునిగితే పోతుంది?

"కారాపు కొడుకా" అన్నది.

"ఏమైందవ్వా?"

"ఆపుమంటున్న గదరా!"

అంత గట్టిగా ఆమె అరవడం మధుకర్ ఎప్పుడూ వినలేదు. చిన్ని ఉలిక్కిపడింది. శంకరవ్వ కారు దిగి, చెప్పులు కూడా మరిచి, రాళ్లలో పడుతూ లేస్తూ గుట్టెక్కింది. పోచవ్వ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఎదురు చూస్తున్నట్టే ఉంది.

"మా తమ్ముడే" అన్నది శంకరవ్వ రొప్పుతూ. "గీయన మా తమ్ముడే. భివండిల ఎవ్వలు లేరు. గది నేనాడిన అబద్ధం."

వెనకాలే వచ్చిన మధుకర్ ఆ మాట విన్నాడు. యుద్ధాల చోట్లు వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే మనిషి, తన ఇంట్లోనే ఒకటి ఉందని ఎన్నడూ ఎరగడు.

పోచవ్వ లేచింది. ముందు ఆమె మొహంలో కనబడింది భయమే. "తోల్కపోతవా అక్కా?" అని రాళ్లకు అడ్డంగా జరిగింది.

"ఏడికి తోల్కపోత? నీ దగ్గరనే ఉండనీ."

"మరి పేరు? పేరు చెప్పిపో అక్కా."

ఆ పేరు ఆమె నోటి నుంచి వచ్చి ఎన్నేళ్లయిందో. ఇంట్లో ఎవర్నీ పలకనియ్యలేదు, తానూ పలకలేదు. పలికితే ఇంక వాడు లేనట్టే. శంకరవ్వ రాళ్ల ముందు కూలబడి, అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"అంబదాసూ..."

గుట్ట మీద మేకలు తలలెత్తి చూశాయి. శంకరవ్వ నేల మీద తల పెట్టి, వాడు పోయిన నాడు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. మధుకర్ ఫోన్ జేబులో పెట్టుకుని, తల్లి పక్కన నేల మీదే కూర్చున్నాడు.

ఎప్పటికో పోచవ్వ ఆమె భుజం పట్టి లేపింది. అంబదాసు, అంబదాసు అని మరిచిపోకుండా రెండుసార్లు అనుకుంది. తర్వాత ఏదో అడగాలా వద్దా అని తటపటాయించి, అడిగేసింది.

"ఒక్కటి చెప్పక్కా. గాయన రాఖీకే గదా నాకు చెయ్యి చాపింది? నేను కట్టింది సరే గదా?"

శంకరవ్వ ఆమె మొహంలోకి చూసింది. అడవిలో దిక్కులేక పడిన తన తమ్ముడికి నీళ్లు తాపిన మనిషి, ఇన్నేళ్లుగా పేరు కూడా తెలియకుండా బియ్యం ఇచ్చిన మనిషి. ఆ చెయ్యి రాఖీకి చాపింది కాదు, ఈమెకు చాపిందీ కాదు. ఆ పోగు అందుకోవాల్సిన అక్క అప్పుడు కోరుట్లలో, తమ్ముడు భివండిలో సల్లగున్నడని ఇరుగుపొరుగుకు చెబుతూ కూర్చుంది.

"రాఖీకే చెల్లే" అన్నది శంకరవ్వ. "వానికి రాఖీ అంటె పానం. నీతోని కట్టిపిచ్చుకోవాల్నని గంత దూరం పాక్కుంట అచ్చిండు."