ఫోను పెట్టె ఎవరి జిమ్మా

తడి చేతులతో ఫోను ముట్టొద్దు. భూదవ్వకు ఆ పనిలో దొరికిన శిక్షణ అంతా ఆ ఒక్క ముక్కే. చెప్పినవాడు ఆమె మొగుడు లింబాద్రి, ఎల్లారెడ్డి టెలిఫోను లైనుకు జమేదారు. ఆ ముక్క చెప్పి, నెత్తికి రుమాలు చుట్టుకొని బయటికి వెళ్లిపోయాడు. పొయ్యి దగ్గర ఉన్న ఆడదాని చెయ్యి ఎప్పుడు పొడిగా ఉంటుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. జొన్న గట్క కలుపుతున్నా, అంట్లు తోముతున్నా, గంట మోగగానే చీరకు చెయ్యి తుడుచుకొని ముందరి అర్రలోకి పరుగెత్తడం ఆమె తనంతట తానే నేర్చుకుంది.

ఆ ఇల్లు సర్కారుది. ముందరి అర్ర గోడకు ఫోను పెట్టె, దాని పక్కన తిప్పే హ్యాండిలు. అక్కడి నుంచి బయలుదేరిన ఇనుప తీగ స్తంభాల మీదుగా కామారెడ్డి దాకా పోతుంది. జర్మనీవాడి లడాయి మొదలైన తరువాత తహసీలు కచేరీకి రావలసిన కబుర్లు ఎక్కువయ్యాయి. అవన్నీ ముందు ఆ అర్రలోనే దిగేవి. ఫోను చూసుకోవడమూ, లైను వెంట తిరిగి తీగ చూసుకోవడమూ రెండూ జమేదారు పనే అని సర్కారు హుకుం. ఒక్క మనిషి ఒకేసారి రెండు చోట్ల ఎట్లా ఉంటాడని పైవాళ్లెవరూ అడగలేదు. రెండో చోట పెండ్లాం ఉంటుందని అందరికీ తెలుసు కనుక అడిగే అవసరం రాలేదు.

పొద్దున్నే లైను బాగుందో లేదో చూడటానికి హ్యాండిలు తిప్పి కామారెడ్డిని పిలవాలి. అవతల అబ్రాహాము అనే ఆయన పలికేవాడు. ఈమె "ఎల్లారెడ్డి" అనాలి, అంతే. "ఆడదాని పేరు తీగ మీద పోవద్దు," అని లింబాద్రి ముందే కట్టడి చేశాడు. పాపం అబ్రాహాము పేరు అడక్కుండానే "ఎల్లారెడ్డక్కా" అని వరస కలుపుకున్నాడు. అయిదేళ్లు ఆమె ఆ ఊరి పేరుతోనే బతికింది. అత్త నర్సవ్వకు మాత్రం అది పనిలాగే కనబడేది కాదు. "పెట్టెకు చెవి ఆనిచ్చి ముచ్చట్లు పెట్టుడు గూడ పనేనా? మా కాలంల గిట్ల నిలబడితె కూడు పెడుదురా?" అనేది. భూదవ్వ జవాబు చెబితే పొయ్యి మీది కూర మాడేది, దానికి ఇంకో మాట పడవలసి వచ్చేది.

బువ్వ తిన్న తరువాత లింబాద్రికి ఒక సరదా ఉండేది. గోడకు ఆనుకొని కూచుని, వేళ్లు మడుస్తూ తన కచేరీ మెట్లు లెక్కపెట్టేవాడు. "హైదరాబాదుల పెద్దింజనీరు. ఆయన కింద సబింజనీరు. ఆయన కింద కామారెడ్డి ఇన్‌స్పెక్టరు యాకూబు సాబు. ఆయన కింద నేను. నా కింద లైన్‌మన్ హనుమాండ్లు. ఎవని జిమ్మా వానికుంటది. తీగ తెగితె హనుమాండ్లును అడుగుతరు, స్తంభం పడితె నన్నడుగుతరు, లైను అంత బందయితె యాకూబు సాబును అడుగుతరు."

"మరి ఈ పెట్టె మోగితె ఎత్తుడు ఎవరి జిమ్మా?" అని ఒకనాడు భూదవ్వ ఎంగిలి కంచం తీస్తూ అడిగింది.

"అది ఇంటి పని. ఇంటి పనికి జిమ్మా ఏందే?" అని లింబాద్రి నవ్వాడు. నర్సవ్వ కూడా నవ్వింది. ఎల్లారెడ్డిలో గంట మోగీ మోగకముందే పలుకుతారని యాకూబు సాబు మెచ్చుకున్న రోజున లింబాద్రి జిలేబీ తెచ్చాడు. మొదటి తునక తల్లికి పెట్టాడు, రెండోది తాను తిన్నాడు. భూదవ్వ అప్పుడు ఫోను దగ్గర ఉంది. వచ్చి చూసేసరికి పొట్లంలో పాకం మిగిలింది. ఏడుపు రాలేదు గాని, ఒళ్లు మండింది.

ఆ పనిలో గట్టిగా పాటించవలసిన పద్ధతి ఒక్కటే ఉంది. ఎవరైనా స్తంభం ఎక్కి తీగ పట్టుకొని ఉన్నప్పుడు ఇంట్లో హ్యాండిలు తిప్పితే తీగలో కరెంటు పుట్టి వాడి చెయ్యి ఝల్లుమంటుంది. నేల మీద అయితే పరవాలేదు, అంత ఎత్తున పట్టు తప్పితే ఎముకలు మిగలవు. అందుకని మనిషిని స్తంభం ఎక్కించే ముందు జమేదారు కామారెడ్డికి కబురు చెప్పి, ఇంట్లో హ్యాండిలుకు ఎర్రగుడ్డ కట్టి పోవాలి. గుడ్డ కనబడితే భూదవ్వ ముట్టదు. ఆ గుడ్డ కూడా ఆమె పాత చీర కొంగే.

వానలు వెలిసిన ఒక పొద్దున లింబాద్రి లైను మీదికి పోతున్నానని చెప్పి పోయాడు. నిజానికి పోయింది పటేలు ఇంటికి, పేక పత్తాల ఆటకు. దోవలో హనుమాండ్లు ఎదురైతే, ఊరి బయటి స్తంభం మీద తీగ వదులైంది, ఎక్కి బిగించమన్నాడు. కామారెడ్డికి చెప్పలేదు, గుడ్డ కట్టలేదు. భూదవ్వ పిండి చేతులు కడుక్కొని, తుడుచుకొని, రోజూ లాగానే హ్యాండిలు తిప్పింది. అబ్రాహాము పలికాడు. ఆమె "ఎల్లారెడ్డి" అంది. కాసేపటికి నలుగురు మనుషులు హనుమాండ్లును మంచం మీద మోసుకొచ్చారు. తుంటి విరిగింది. వాళ్లే పటేలు ఇంటికి పోయి పత్తాల దగ్గరున్న లింబాద్రిని లేపుకొచ్చారు.

సబింజనీరు విచారణకు వస్తున్నాడని కామారెడ్డి నుంచి కబురు వచ్చింది. అది విని మొగుడికి చెప్పింది కూడా భూదవ్వే. లింబాద్రి ముఖం నల్లబడింది. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత ఎన్నడూ లేనిది పొయ్యి పక్కన పీట వేసుకొని కూచున్నాడు.

"గుడ్డ నేను కట్టిపోయిన. నువ్వు విప్పినవు. పెనం కాలుతుంటె దించతందుకు గుడ్డ దొరకక విప్పిన, మల్ల కట్టుడు మర్చిన అని చెప్పు."

"నేను విప్పలే గద."

"నిన్ను వాండ్లేం జేస్తరే? నువ్వు నౌకర్ల ఉన్నవా, తీసేస్తందుకు? నీ మీద ఏ కానూను నడవది. నా మీదికొస్తె నౌకరి పోతది, ఈ ఇల్లు పోతది. హనుమాండ్లకంటవా, సర్కారు మనిషి తప్పయితె సర్కారు వాన్ని సాకుతది, బయటి మనిషి తప్పయితె సాకది. వాని నసీబు."

నర్సవ్వ వెనక నుంచి అందుకుంది. "మొగనికి అడ్డం నిలబడకుంటె పెండ్లామెందుకే?"

భూదవ్వ రొట్టె తిప్పింది. నీరు పల్లమెరుగు అంటారు, తప్పు కూడా అంతే. పెద్దింజనీరు నుంచి దిగి, సబింజనీరు మీదుగా, యాకూబు సాబు మీదుగా జారి జమేదారు దాకా వచ్చింది. కింద హనుమాండ్లు ఉన్నాడు గాని వాడు విరిగి మంచంలో ఉన్నాడు, మోయలేడు. ఇక మిగిలింది తాను. అయిదేళ్లు పనిలో ఎక్కని పేరు ఇప్పుడు తప్పులో ఎక్కుతుంది. అంతకంటె ఎక్కువ గుచ్చుకున్నది ఇంకొకటి. ఈ అబద్ధాన్ని అందరూ నమ్ముతారు. పెనం దించడానికి ఆడది గుడ్డ విప్పింది అంటే సబింజనీరు నమ్ముతాడు, అబ్రాహాము నమ్ముతాడు, రేపు తనకు పుట్టే బిడ్డలు కూడా నమ్ముతారు. ఆడదంటే పెనం, గుడ్డ, మతిమరుపు. మొగుడు అంత సులువుగా ఆ కథ అల్లగలిగాడంటే, ఇన్నేళ్లూ తనను చూసింది అట్లాగే కదా. మరి హనుమాండ్లు? తిప్పిన చెయ్యి తనదే. తిప్పింది తానే, కాదనదు. కాని తెలిసి తిప్పలేదు. తెలియజెప్పవలసినవాడు పత్తాలు పంచుతున్నాడు.

మరునాడు గిన్నెలో గంజి పోసుకొని హనుమాండ్లు ఇంటికి పోయింది. అతని పెండ్లాం గౌరవ్వ గడపలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"నువ్వే తిప్పినవంట గదా?"

"నేనే తిప్పిన. పైన మనిషున్నడని నాకెరుక లేదు అవ్వా."

"గీ మాటనే సారు ముంగట అను," అంది గౌరవ్వ. గంజి మాత్రం తీసుకుంది.

సబింజనీరు వచ్చి ముందరి అర్రలో కుర్చీ వేసుకొని కూచున్నాడు. పక్కన యాకూబు సాబు. లింబాద్రి తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తానెప్పుడో చెప్పవలసినదంతా చెప్పేశాడు, ఇక భార్య అవునంటే సరిపోతుంది. సబింజనీరు ఉర్దూలో అడిగేవాడు, యాకూబు సాబు తెలుగు చేసి చెప్పేవాడు.

"హ్యాండిల్ ఎవరు తిప్పిండ్రు?"

"నేనే. నా పేరు భూదవ్వ. అయిదేండ్ల సంది ఈ పెట్టె నేనే చూస్తున్న."

యాకూబు సాబు ఆ మాట అట్లాగే ఉర్దూలో చెప్పాడు. సబింజనీరు కలం ఆపి గోడకున్న పెట్టెను, ఆమెను చూశాడు. లింబాద్రి దగ్గాడు. "గుడ్డ ముచ్చట చెప్పు," అన్నాడు మెల్లగా.

"గుడ్డ నేను విప్పలే సారూ. కడితె గద విప్పేది."

లోపల నర్సవ్వ చేతిలోని చెంబు కింద పడింది. సబింజనీరు ఇంకో ప్రశ్న వేశాడు. యాకూబు సాబు దాన్ని తెలుగు చేయకుండానే నవ్వాడు. "హుజూర్ అడిగేది, గుడ్డ కట్టవలసింది ఎవరు, పేరు చెప్పుమని. నేను చెప్పిన హుజూర్‌కు, ఈ దిక్కు ఆడోండ్లు మొగని పేరు నోట పలకరు అని."

పలకరు, నిజమే. పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందంటారు. పేరడిగితే పక్కన ఉన్న పిల్లల చేత చెప్పిస్తారు. భూదవ్వ అయితే లింబాద్రి గుట్ట జాతరకు పోయి వచ్చి కూడా నర్సింహసామి గుట్ట అనేది. పెండ్లయిన నాటి నుంచి ఆ మూడు అక్షరాలు ఆమె నాలుక మీదికి రాలేదు. లింబాద్రి కట్టుకున్న చేతులు వదిలేశాడు, ఊపిరి వదిలాడు. ఇక పేరు రాదు, పేరు రాకుంటే కాగితం మీద ఏదో ఒకటి రాసుకొని పోతారని ఆయనకు ధైర్యం వచ్చింది.

నౌకరి పోతే ఈ ఇల్లు పోతుంది. నెత్తిన మూట పెట్టుకొని పుట్టింటికి పోతే అక్కడ వదినె ఏమంటుందో కూడా తెలుసు. అవన్నీ నిన్నటి నుంచి తలచుకుంటూనే ఉంది, ఇప్పుడు కొత్తగా తలచుకునేది ఏమీ లేదు. భూదవ్వ సబింజనీరు కలం వైపు చూసింది.

"తిప్పిన జిమ్మా నాది. రాసుకోండ్రి," అంది. "గుడ్డ కట్టే జిమ్మా లింబాద్రిది."