మూరెడు ఎత్తు ట్యాంకు

బావి పోయిన రోజు పెద్దకోడలు మొదట చేదను అనుమానించింది. బూడిదతో తోమి మళ్ళీ వేసింది. నీళ్ళ మీద నూనె తెట్టు అలాగే పైకొచ్చింది.

పంపకాల్లో పల్లపు చేను, బావి ఆమె భర్తకు వచ్చాయి. చమురు పైపు పాతిన మెరక మరిది వంతుకు పోయింది. అప్పుడు తోడికోడలి మీద జాలిపడి, "నీళ్ళు మా బావిలో తోడుకో" అన్నది ఈమే. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని పైపు తుప్పుపట్టి మెరకలో చిల్లిపడింది. నూనె పల్లానికి దిగింది. చమురు కంపెనీ మాత్రం, పైపు ఎవరి చేలో ఉందో వాళ్ళతోనే తమకు పని అంది. చిల్లికి పట్టీ బిగించి, చిన్నకోడలి వాకిట్లో నీళ్ళ కోసం నల్లటి ట్యాంకు దింపింది. దాన్ని నింపడానికి రోజూ లారీ.

బిందె పట్టుకుని ఆ వాకిట్లోకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు పెద్దకోడలు దాన్ని ట్యాంకు కింద దబ్బున పెట్టింది.

"నీకేమమ్మా, మహారాణివి. చిల్లి కూడా కలిసొచ్చింది."

"ఎంతమాటక్కా! దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతానా? పైపు వేసిన కంపెనీ తర్వాత దాన్ని కొన్న కంపెనీ మీదికి నెడుతోంది, కొన్నవాళ్ళు వేసినవాళ్ళ మీదికి. ఖర్చు ఎవరిదైతే మనకేం? పైపు మార్చేదాకా పని పూర్తయిందని వాళ్ళ కాగితం మీద నేను సంతకం పెట్టను. నువ్వూ పెట్టకు. చెడింది నీ బావి, నీ మాటకే బరువు."

"ట్యాంకున్నవాళ్ళు ఎన్ని నీతులైనా చెప్తారు."

మర్నాడు కంపెనీ ఇంజనీరు పచ్చటోపీ తీసి చేత్తో పట్టుకుని పెద్దకోడలి గుమ్మంలోకి వచ్చాడు.

"మీకేం కావాలో చెప్పండమ్మా, ఇప్పించేస్తాను. ఒక్క సంతకం చాలు."

పైపు అనే మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో గోడ మీంచి అవతలి ట్యాంకు నల్లమూత కనిపించింది.

"దానికంటే పెద్దది."

"అంతేనా?" అన్నాడతను. ఆమె మనసు మారేలోగా కలం అందించాడు.

సాయంత్రానికి ట్యాంకు దిగింది. తోడికోడలి దానికంటే మూరెడు ఎత్తు. పెద్దకోడలు దాని మీది దుమ్మును కొంగుతో తుడుస్తుంటే చిన్నకోడలు గోడ దగ్గరికి వచ్చింది.

"బాగుందక్కా." ఆ గొంతులో ఎగతాళి లేదు. "బావిగలవాళ్ళే సరేనన్నాక నా సంతకంతో పనిలేదట. పైపు తవ్వి తీయడానికి తెచ్చిన యంత్రాన్ని తీసుకుపోయారు."

పెద్దకోడలు కొంగు దులుపుకుంది.

బావి ఇంకా శుభ్రం చేయలేదు. మెరకలో పైపు మార్చలేదు.